కిటికీ తెరిచిన కర్త

పోయిన నెలలో ఇక్కడ జర్మనీలో, జిండెల్ఫింగెన్‌లోని ఒక చర్మవైద్యశాలలో కూర్చున్నాను. సైకిల్ మీద నుంచి పడినప్పుడు చీలమండ దగ్గర తగిలిన గాయం ఎంతకీ మానకపోవడంతో, వైద్యురాలు ఒక కొత్త చికిత్స చేయిద్దామన్నారు. నర్సు లావుపాటి కలంలాంటి పరికరం తెచ్చి మీట నొక్కగానే దాని మొన నుంచి ఊదారంగు జ్వాల ఒకటి సన్నగా, నిశ్శబ్దంగా బయటికి వచ్చింది. దానితోబాటే ఆ వాసన. దగ్గరలో పిడుగు పడిన తర్వాత కాసేపు గాలిలో నిలిచే ఘాటైన, శుభ్రమైన వాసన. నా ముఖంలో ఏం కనిపించిందో గాని, నర్సు ఓదార్పుగా, "భయపడకండి, మంటలా ఉంటుంది గాని కాల్చదు" అన్నది. తెలుసునన్నాను. ఒకప్పుడు అందులో ఎలక్ట్రాన్లు ఎన్ని ఉన్నాయో కొలవడమే నా పని అని కూడా చెప్పాను. "అయితే ఎన్ని ఉంటాయి?" అని ఆమె ఆసక్తిగా అడిగింది. "అప్పట్లో అది గది కిటికీ తెరిచి ఉందా, మూసి ఉందా అన్నదాన్ని బట్టి ఉండేది" అన్నాను. ఆమె మర్యాదగా నవ్వి గాయం వైపు వంగింది. నేను మాత్రం ఆ వాసనలో గుడ్రున్ గారిని తలుచుకుంటూ, చికిత్స ముగిసేదాకా ఒంటరిగా నవ్వుకుంటూనే ఉన్నాను.

డాక్టర్ గుడ్రున్ హాల్మ్ మాగ్డెబర్గ్‌లో నేను పరిశోధన చేసిన ప్రయోగశాలకు అధిపతి. పొడవైన మనిషి, పొట్టిగా కత్తిరించుకున్న నెరిసిన జుట్టు. కళ్ళజోడు తాడు తెగిపోతే దాని స్థానంలో ఒక పల్చని కేబుల్ ముక్క కట్టుకుని ఏళ్ళు గడిపారు. కోటు జేబులో ఎప్పుడూ ఒక యాపిల్, చిన్న చాకు ఉండేవి. ఎవరితోనైనా తీవ్రమైన విషయం మాట్లాడవలసి వస్తే ముందు యాపిల్ కోసి ఒక ముక్క చేతిలో పెట్టేవారు. నోట్లో పండు ఉన్నవాడు తొందరపడి అబద్ధం చెప్పలేడన్నది ఆమె సిద్ధాంతం. నేను చేరిన మొదటిరోజు ఆమె ఆ ఊదా జ్వాలలో తన వేలు పెట్టి చూపించి, "ఇప్పుడు నీ వేలు" అన్నారు. పెట్టాను. గోరువెచ్చని గాలి తాకినట్టు ఉంది, అంతే. "దీన్ని చల్లని ప్లాస్మా అంటాం. వాయువుకు వేడి లేదు, లోపలి ఎలక్ట్రాన్లకు మాత్రం బోలెడంత ఉంది. కొన్ని కుటుంబాల్లో కూడా ఇంతే కదా, తండ్రి నెమ్మది, పిల్లలు నిప్పులు" అని తనే నవ్వారు.

ఆ ప్రయోగశాలలో అందరూ ఆమెను పేరుపెట్టి, నువ్వు అని పిలిచేవారు. అది ఆమె పెట్టిన నియమం. మా వంశంలో కళాశాల గడప తొక్కిన మొదటి మనిషిని నేను. రేపల్లెలో దర్జీ అయిన మా నాన్న, నాకు చదువు చెప్పిన ప్రతి మాస్టారు ఎదురైనప్పుడల్లా కుట్టుమిషను మీది నుంచి లేచి నిలబడేవాడు. ఆ ఇంట్లో పెరిగిన నాకు, నా పై అధికారిని, నా తల్లికంటే పెద్దావిడని, నువ్వు అనడానికి నోరు రాలేదు. చివరికి "గుడ్రున్ గారు" అని పిలవడం మొదలుపెట్టాను. గారు అంటే ఏమిటని ఆమె అడిగారు. గౌరవం కోసం పేరు చివర తగిలించే మాట అని చెప్పాను. ఆమె దాన్ని కొంతసేపు నోట్లో తిప్పుకుని చూసి, ఎంతో నచ్చిందని ప్రకటించారు. ఆనాటి నుంచి ఆమెకు లోకంలో అందరూ గార్లే అయిపోయారు. "కరుణ గారూ, నువ్వు కాఫీ గారిని చూశావా?" అనేవారు. పేరుకు గారు తగిలించి, మరుక్షణమే నువ్వు అనే మనిషిని నేను మరెక్కడా చూడలేదు.

మాతోపాటు శ్రవణ్ అని కరీంనగర్ అబ్బాయి ఒకడు మాస్టర్స్ చేస్తూ ఉండేవాడు. మేము ఎలక్ట్రాన్లను కొలిచే పరికరం, రెండు పక్కలా రంధ్రాలున్న గుండ్రటి రాగి డబ్బా. జర్మన్‌లో డబ్బాను డోజె అంటారు. చేరిన కొత్తలో గుడ్రున్ గారు "డోజె తీసుకురా, జాగ్రత్త, వేడిగా ఉండకూడదు" అంటే, నేను ఆ మాట దోసె అనుకుని, ఈమెకు మన వంటలు కూడా తెలుసునా అని ఆశ్చర్యపోయాను. శ్రవణ్ అది విని పొట్ట పట్టుకుని నవ్వాడు. "అక్కా, గీ దేశంల దోసె ఆరినంకనే తింటరు, గట్లనే అలవాటు చేసుకో" అన్నాడు. అప్పటి నుంచి మా ఇద్దరికీ ఆ రాగి డబ్బా దోసె అయిపోయింది.

ఆ డబ్బా ఎలా పనిచేస్తుందో నాకు గుడ్రున్ గారు సమీకరణాలతో కాక చెవితో నేర్పారు. వేలుగోటితో ఒక గాజుగ్లాసును మీటి వినిపించారు. ఆ గ్లాసుకు తనదైన ఒక శ్రుతి ఉన్నట్టే, రాగి డబ్బాలోకి మైక్రోవేవ్ తరంగాలు పంపితే దానికీ తనదైన ఒకే ఒక శ్రుతి ఉంటుంది. రంధ్రం గుండా ఊదా జ్వాలను లోపలికి పోనిస్తే, అందులోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్ల వల్ల ఆ శ్రుతి వెంట్రుకవాసి పైకి జరుగుతుంది. ఎంత జరిగిందో తెలిస్తే ఎలక్ట్రాన్లు ఎంత దట్టంగా ఉన్నాయో లెక్క కట్టవచ్చు. క్రిములను చంపి గాయాన్ని మాన్పే పదార్థాలను గాలిలో పుట్టించేవి ఆ ఎలక్ట్రాన్లే గనుక, తక్కువైతే ఉపయోగం లేదు, ఎక్కువైతే చర్మానికి మంచిది కాదు. "మరి జ్వాలలో ఒక లోహపు తీగ పెట్టి నేరుగా కొలవవచ్చు కదా" అని అడిగాను. "పెడితే తీగ ఉన్న జ్వాలను కొలుస్తావు. మనకు కావలసింది తీగ లేని జ్వాల" అన్నారు. అప్పుడు నాకు మా నాన్న గుర్తొచ్చి, చెప్పాలా వద్దా అని సంశయిస్తూనే చెప్పాను. ఛాతీ కొలత తీసుకునేటప్పుడు జనం ఊపిరి బిగబడతారు. మా నాన్న టేపు చుట్టి ఉంచి, మీ పెద్దబ్బాయి ఏం చదువుతున్నాడండీ అని ఏదో ఒకటి అడిగేవాడు. వాళ్ళు జవాబు చెప్పడంలో పడి ఊపిరి వదలగానే అంకె చూసుకునేవాడు. ఎందుకు నాన్నా అంటే, "ఊపిరి బిగబట్టినోడి కొలత తీస్తే ఆ చొక్కా ఆడికి కాదమ్మా, ఆడి గొప్పకి సరిపోద్ది" అనేవాడు. నా తడబడే జర్మన్‌లో ఇది పూర్తయ్యేసరికి గుడ్రున్ గారి కళ్ళు మెరిశాయి. ఆ వారమంతా కనిపించినవారికల్లా ఆ కథ చెప్పారు. ఒక్కొక్కరికి చెప్పినప్పుడల్లా కథలోని చొక్కాదారుడి పొట్ట కొంచెం పెరుగుతూ పోయింది.

ఆ శీతాకాలం నాకు కష్టకాలం. చేతిలో పట్టే ఆ చిన్న పరికరాన్ని రోగుల మీద పరీక్షించడానికి వైద్యులు సిద్ధమవుతున్నారు. ఏ అమరిక దగ్గర ఎన్ని ఎలక్ట్రాన్లు ఉంటాయో మేము ఖాయంగా చెప్పాలి. అంతకుముందటి చలికాలంలో గుడ్రున్ గారు స్వయంగా కొలిచి వారికి అంకెలు ఇచ్చారు. వాటిని నేను మళ్ళీ కొలిచి నిర్ధారించాలి. చలి తగ్గుముఖం పట్టే వేళకు వైద్యులతో జరిగే సమావేశంలో నా ఒప్పందం పొడిగించాలా వద్దా అన్నది కూడా తేలుతుంది. ఒప్పందం లేకపోతే నివాస అనుమతి లేదు, అనుమతి లేకపోతే పరిశోధన సగంలోనే ఆగి ఇంటికి పోవాలి. "వీసా ఆఫీసుల టెర్మిన్ దొరికిందా అక్కా?" అని శ్రవణ్ రోజూ అడిగేవాడు. టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరికింది, అక్కడ చూపించవలసిన ఒప్పందమే లేదు. కొలతలేమో ఒక రోజు ఉన్నట్టు ఇంకో రోజు ఉండేవి కావు. ఉదయం వచ్చిన అంకెకు మధ్యాహ్నం ఇంకో సగం అదనంగా చేరేది. ఒకసారి లెక్క కట్టి చూస్తే, ఎలక్ట్రాన్ల సాంద్రత సున్నా కంటే తక్కువ వచ్చింది. లేనిదానికంటే తక్కువ ఉండడం ఎలాగో తెలియక నేను కుర్చీలో కూలబడితే, గుడ్రున్ గారు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఎలక్ట్రాన్ గార్లు మనకే బాకీ పడ్డారన్నమాట" అని యాపిల్ తీశారు. కేబుళ్ళు మార్చాం. వాయువు సీసా మార్చాం. రాగి డబ్బాను విప్పి, తుడిచి, మళ్ళీ బిగించాం. ఏం చేసినా శ్రుతి నిలవలేదు.

గుట్టు బయటపెట్టింది శ్రవణ్ వేసిన ఒక ఎకసెక్కెం. ఇక్కడివారికి లుఫ్టెన్ అని ఒక ఆచారం ఉన్నది. బయట మంచు కురుస్తున్నా సరే, గంటకొకసారి కిటికీలన్నీ బార్లా తెరిచి గదిలోని గాలి మార్చాలి. గుడ్రున్ గారు ఈ విషయంలో పరమ నిష్ఠాపరురాలు. చేతిలో ఏ పని ఉన్నా, ఎవరితో ఏం మాట్లాడుతున్నా, నడుచుకుంటూ వెళ్ళి కిటికీలు తెరిచేవారు. కాసేపటికి మూసేవారు. మేమిద్దరం మాత్రం ఆ కాసేపూ కోస్తా జిల్లాలకూ తెలంగాణకూ భేదం లేకుండా గడగడ వణుకుతూ, కోట్లు తగిలించుకుని కూర్చునేవాళ్ళం. ఆరోజూ అలాగే ఆమె కిటికీలు మూసి ఏదో పని మీద పక్కగదికి వెళ్ళారు. నేను ఎర్రకోటులో ముడుచుకుని తెర వైపు చూస్తున్నాను. శ్రవణ్ నా భుజం మీదుగా తొంగిచూసి, "చూసినవా అక్కా, నువ్వు కోటు తొడిగినప్పుడల్లా నీ ఎలక్ట్రాన్లు గూడ పెరుగుతున్నయ్. వాటికి గూడ సలి పెడ్తుందేమో" అన్నాడు.

నేను నవ్వలేదు. నవ్వు రాలేదు. పాత కొలతలు ఒక్కొక్కటే తలుచుకున్నాను. ఏ కొలతప్పుడు నా ఒంటి మీద కోటు ఉందో నాకు జ్ఞాపకం ఉంది, ఎందుకంటే ఆ చలి నాకు ప్రతిసారీ ఒక సంఘటన. గుడ్రున్ గారికి అది సంఘటన కాదు. మనిషి రెప్ప వేసినట్టు ఆమె కిటికీ తెరిచేవారు. ఎన్నిసార్లు రెప్ప వేశామో ఎవరు గుర్తుపెట్టుకుంటారు? గోడమీది ఉష్ణమాపకం గదిని వేడిచేసే రేడియేటర్ పక్కనే ఉండడంవల్ల ఎప్పుడూ వెచ్చగానే ఉందని చెప్పేది. గదిలో మనుషుల ఊపిరితో, కాఫీ ఆవిరితో నిండిన తేమగాలి పోయి, బయటి పొడిగాలి డబ్బాలోకి వస్తే మైక్రోవేవ్ శ్రుతి పైకి జరుగుతుంది, అచ్చం ఎలక్ట్రాన్లు వచ్చినట్టే. కిటికీ మూశాక తేమ మెల్లగా మళ్ళీ చేరుతుంది, శ్రుతి దిగుతుంది. కిటికీ మూయగానే జ్వాల లేని శ్రుతిని సున్నాగా పెట్టుకుని, ఆలస్యంగా జ్వాల వెలిగిస్తే, ఎలక్ట్రాన్లు సున్నాకంటే తక్కువ. అంతా అతికినట్టు సరిపోయింది. అలా అయితే, వైద్యుల దగ్గర ఉన్న అంకెలు కూడా చలికాలంలో, ఈ గదిలోనే, ఈ కిటికీల మధ్యనే కొలిచినవి. కొలిచింది ఆమె. నా భవిష్యత్తు ఆమె నోటిమాట మీద ఉన్నది.

"చెప్తవా?" అన్నాడు శ్రవణ్.

"ఎలా చెప్పను?"

"నోటితోని."

జర్మన్ తరగతిలో నాకు అన్నిటికంటే నచ్చిన పాఠం కర్మణి ప్రయోగం. కర్త పేరెత్తకుండా పని జరిగిపోయిందని చెప్పవచ్చు. మన తెలుగులోనైతే ఇంకా సుఖం, కప్పు పగిలింది, పాలు ఒలికాయి, ఎవరి పేరూ రాదు. పెద్దలతో మాట్లాడడానికి ఆ భాష ఎంత అనువైనదో నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. గుడ్రున్ గారు తిరిగి రాగానే లేచి నిలబడి, మనసులో పేర్చుకున్న వాక్యాన్ని అప్పజెప్పాను. "గుడ్రున్ గారూ, కొలత జరిగే సమయాల్లో ఒక్కోసారి కిటికీ తెరవబడుతూ ఉన్నది."

"ఎవరిచేత?" అన్నారు.

నేను నేల చూశాను. "తెరవబడుతున్నది" అన్నాను మళ్ళీ.

"కిటికీకి చేతులు లేవు కరుణ గారూ. ఎవరిచేత?"

శ్రవణ్ అమాంతంగా కంప్యూటర్ వెనక్కి వంగిపోయి వైర్లు సర్దడం మొదలుపెట్టాడు. ఆమె యాపిల్ కోసి ఒక ముక్క నాకు ఇచ్చారు. నమలడం మొదలుపెట్టాను. మింగేసరికి వేరే దారి కనబడలేదు. "మీరు" అన్నాను. "గంటగంటకూ మీరే తెరుస్తున్నారు. శ్రుతి అందుకే జరుగుతోంది."

ఆమె కిటికీ వైపు చూశారు, రాగి డబ్బా వైపు చూశారు, మళ్ళీ కిటికీ వైపు చూశారు. తర్వాత నేను అంతకుముందు ఎన్నడూ వినని నవ్వు ఒకటి ఆమె గొంతులోంచి వచ్చింది, చిన్నపిల్ల దాగుడుమూతల్లో దొరికిపోయినప్పుడు నవ్వే నవ్వు. "జ్వాల పరికరం ఆపు. వాయువు ఆపు. జ్వాల వద్దు" అని తనే వెళ్ళి కిటికీలు బార్లా తెరిచారు. మేం ముగ్గురం తెర ముందు నిలబడ్డాం. వెలగని జ్వాలలో ఎలక్ట్రాన్లు పెరగడం మొదలైంది. ఇంక ఆ మధ్యాహ్నం మా గది ఒక తిరునాళ్ళు. కిటికీ తెరవడం, మూయడం, ఒకదాన్నే తెరవడం. కాఫీ గది నుంచి కెటిల్ తెప్పించి డబ్బా పక్కన నీళ్ళు మరిగిస్తే శ్రుతి జారుడుబండ మీద జారినట్టు దిగిపోయింది. "శ్రవణ్ గారూ, డబ్బాలోకి ఊదు" అన్నారు. వాడు ఊదాడు. అదీ కనిపించింది. "పొద్దున ఉల్లిగడ్డ తిన్నడని గూడ చెప్తదేమో గీ దోసె" అని వాడు తెలుగులో గొణిగితే, నేను దాన్ని జర్మన్‌లోకి మార్చి చెప్పవలసి వచ్చింది. ఆమె కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వి, కేబుల్ తాడుకు వేలాడుతున్న కళ్ళజోడు తుడుచుకున్నారు.

నవ్వు సద్దుమణిగాక కుర్చీలో కూర్చుని, "నేను వాళ్ళకు ఇచ్చిన అంకెలు కూడా పోయినట్టే" అన్నారు నెమ్మదిగా. నేనేదో సర్దిచెప్పబోతే చేయి అడ్డుపెట్టారు. "ఇంకా ఏ రోగి మీదా వాడలేదు. అది మన అదృష్టం. సమావేశంలో ఈ సంగతి నువ్వే చెబుతున్నావు."

ఆ రోజు నుంచి కిటికీలు మూసి ఉంచుదామని నేను ప్రతిపాదించాను. ఆమె ఒప్పుకోలేదు. "మనుషులు గాలి పీల్చాలి. మీ నాన్నగారు కొలత కోసం ఎవరినైనా ఊపిరి ఆపమన్నారా?" అన్నారు. బదులుగా జ్వాలను గబగబ వెలిగించి ఆర్పుతూ, వెలిగినప్పటికీ ఆరినప్పటికీ మధ్య తేడాను మాత్రమే తీసుకునే పద్ధతి ఒకటి ముగ్గురం కలిసి తయారుచేశాం. కనురెప్పపాటులో గదిలో గాలి మారదు గనుక, కిటికీ ఎలా ఉన్నా తేడా ఒక్కటే వస్తుంది. మొదటిసారి ఉదయపు అంకె, మధ్యాహ్నపు అంకె ఒకటిగా వచ్చినప్పుడు ఆమె కిటికీ తెరిచి ఉంచే మళ్ళీ కొలిపించారు. ఎర్రకోటు తొడుక్కుని కొలిచాను. అదే అంకె.

సమావేశం నాడు పొడవాటి బల్లకు ఇరువైపులా వైద్యులు కూర్చున్నారు. నేను లేచి, చక్కగా సిద్ధం చేసుకున్న మాటల్లో, "గత శీతాకాలపు కొలతల సమయంలో ప్రయోగశాల కిటికీలు తెరవబడినందువల్ల" అని మొదలుపెట్టాను. వెనుక వరుసలోంచి గుడ్రున్ గారి గొంతు వచ్చింది. "ఎవరిచేత?"

నా ఒప్పందం ఎవరి చేతిలో ఉందో నాకు తెలుసు, ఆ చేతులే ఇప్పుడు నన్ను నీళ్ళలోకి నెడుతున్నాయి. ఆమె ముఖం చూశాను. మా చర్చి బడి వార్షికోత్సవంలో నేను పద్యం చదువుతుంటే కింద నుంచి పెదవులు కదిపిన మా అమ్మ ముఖంలా ఉంది. "డాక్టర్ గుడ్రున్ హాల్మ్ కిటికీలు తెరిచారు" అన్నాను. "వాటివల్ల అంకెలు తప్పాయి. కొత్త అంకెలు ఇవి." ఒక్క క్షణం తర్వాత వైద్యులలో పెద్దాయన నవ్వడం మొదలుపెట్టారు. తర్వాత బల్ల అంతా. గుడ్రున్ గారు లేచి నాటకంలో నటిలాగా వంగి అభివాదం చేశారు. ఆ నవ్వు మధ్యనే ఆయన కొత్త అంకెల కాగితం దగ్గరికి లాక్కుని, అమరికను ఒక గీత మార్చవలసి ఉంటుందని పక్కవారితో అన్నారు. నా ఒప్పందం సంగతి చివరి అంశంగా వచ్చింది. "తన అధికారి తప్పును అధికారి ముందే చెప్పగలిగిన మనిషిని వదులుకుంటారా?" అని గుడ్రున్ గారు అడిగారు. ఎవరూ వదులుకుంటామనలేదు. బయటికి రాగానే శ్రవణ్‌కు ఫోన్ చేస్తే, "ఇగ టెర్మిన్‌కు పో అక్కా, ధైర్యంగా పో" అన్నాడు.

ఆ పద్ధతి గురించి మేము రాసిన వ్యాసంలో, ప్రయోగ విధానం వివరించే చోట ఒక వాక్యం ఉంది. ప్రయోగశాల కిటికీలను జి. హాల్మ్ గంటకొకసారి తెరిచారు. అనవసరమైన వివరం, తీసివేయగలరు అని వ్యాసాన్ని పరిశీలించినవారు రాశారు. ఈ వ్యాసానికి ఉన్న ఏకైక కారణం ఆ వాక్యమేనని ఆమె జవాబు రాయించారు. అది అలాగే అచ్చయింది. గుడ్రున్ గారు ఇప్పుడు పదవీ విరమణ చేసి ఇంటి దగ్గరే ఉంటున్నారు. తన యాపిల్ చెట్ల గురించి నాకు పొడవాటి సందేశాలు పంపుతారు, ప్రతి చెట్టు పేరు చివరా గారు ఉంటుంది. నేను ఇప్పటికీ ఆమెను జర్మన్‌లో నువ్వు అనలేదు.

ఇక్కడ జిండెల్ఫింగెన్‌లో కార్ల కర్మాగారంలో, బండి ముందు ఏముందో మైక్రోవేవ్‌లతో కనిపెట్టే పరికరాలను పరీక్షించడం నా ఉద్యోగం. పరీక్ష విఫలమైనప్పుడు నివేదిక రాయాలి. నా తోటివారి నివేదికల్లో మరలు వదులవుతాయి, జిగురు ఆరకుండా ఉండిపోతుంది, తీగలు తప్పుగా కలపబడతాయి. మొన్న ఒక పరీక్ష తప్పినప్పుడు నేను మొదట ఇలాగే, పరికరం వంకరగా బిగించబడింది అని రాశాను. చదువుకుని, కొట్టివేసి, పరికరాన్ని నేను వంకరగా బిగించాను, రేపు ఉదయం సరిగా బిగించి మళ్ళీ పరీక్షిస్తాను అని రాసి, కింద నా పేరు పెట్టాను. పై అధికారికి పంపించి, ఆకలిగా ఉంటే భోజనానికి వెళ్ళాను.